పదిహేడో చెరువుకి వేకువ తీగ

నమోదు 1. సోమవారం, ఉదయం

ఈ తెల్లవారుజామున నాలుగున్నరకి పదిహేడో చెరువు మీటరులో బ్యాలెన్సు సున్నాకి చేరింది. నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు మాత్రం ఆగలేదు.

ముందుగా డబ్బు కట్టే మీటరుకి ఉన్న నియమం ఒక్కటే. బ్యాలెన్సు ఉంటే కరెంటు ఉంటుంది, లేకపోతే ఉండదు. తెప్పలంక నాలుగో వరసలో ఇరవై రెండు చెరువులున్నాయి. ఈ మీటరు ఉన్నది వాటిలో ఒక్క దానికే. మిగతావన్నీ వరస మీటరు మీద నడుస్తాయి. అందరూ కలిసి వాడతారు, నెలాఖరున అందరూ కలిసి కడతారు. వరస మొత్తం కొత్త మీటర్లకి మారాలా వద్దా అన్నదాని మీద శుక్రవారం ఉదయం పదింటికి ఓటు. ఆ ఓటుకి ఆధారం పదిహేడో చెరువులో నెల రోజులుగా జరుగుతున్న పరీక్ష. సున్నా దగ్గర ఆగాల్సింది ఆగలేదంటే అది వార్త. మా లంక రేడియోలో వార్తలు చదివేది నేనే.

చెరువు గండ్రోతు మాణిక్యమ్మది. నేను వెళ్లేసరికి తెప్ప అంచున కూచుని మేత తడుపుతోంది. చెరువని మేం అలవాటుగా అంటాం గానీ అది సముద్రంలో వేలాడే పెద్ద సంచి. తాతల నాటి అసలు చెరువులు దాని కింద, నాలుగు నిలువుల లోతున, గట్లతో సహా అలాగే ఉన్నాయి. మా తెప్పల తాళ్లు కట్టింది నీళ్లలోంచి పైకి తేలిన పాత సెల్ టవర్లకి.

"నిద్ర పట్టేసిందండి బాబూ," అంది మాణిక్యమ్మ. "అది చెప్తానే ఉంది. 'మీ నిల్వ ముగియనున్నది, దయచేసి గమనించగలరు' అని. అట్టా ఉపన్యాసం ఇస్తే ఎవరు లెగుస్తారు? 'ఒసే మాణిక్యం, రొయ్యలు చస్తన్నాయే' అనాలి గానీ."

ఆ మీటరుకి ఆమె అల్లుడని పేరు పెట్టింది. ముందు మర్యాద చేస్తే గానీ కదలడట. పాత వరస మీటరు మావగారట. అప్పటికప్పుడు ఏమీ అనడు, నెలాఖరున అందరి ముందూ తిడతాడు.

"మరి సున్నా అయినా అల్లుడు అలగలేదేం?" అన్నాను.

"నా చేతి వంట అలాంటిది," అంది.

నమోదు 2. సోమవారం, మధ్యాహ్నం

కరెంటు మాకు అలల కేంద్రం నుంచి వస్తుంది. అక్కడి ఇంజనీరు హిమజ పడవ మీద వచ్చి, మీటరు విప్పి, బ్యాలెన్సు సున్నా చేసి మూడుసార్లు పరీక్షించింది. మూడుసార్లూ కరెంటు ఠక్కున ఆగింది.

"మీటరులో లోపం లేదు," అంది.

"అయితే వేకువన ఎందుకు ఆగలేదు?"

"తెలియదండీ. తెలిసినప్పుడు చెప్తాను."

తెలియనిది తెలియదని చెప్పే ఇంజనీరు, తెలుసని చెప్పినవాటిని నమ్మవచ్చు. అందుకే పరీక్ష అంకెలు అడిగాను. వరస మీటరు ప్రకారం ఒక్కో చెరువు సగటున రోజుకి ముప్పై తొమ్మిది యూనిట్లు వాడుతోంది. మాణిక్యమ్మ చెరువు ఇరవై ఒకటే వాడింది. ముందే కట్టినవాళ్లు జాగ్రత్తగా వాడతారు, ఈ సంగతి మిగతా లంకల్లో కూడా చూశామని హిమజ చెప్పింది.

"తేడా ఇంత చూశారా?"

ఆమె మీటరు మూత బిగించింది. "ఇంత చూడలేదు."

ఆ ఇరవై ఒకటి లెక్కతోనే కేంద్రం వరసకి కొత్త సన్న కేబుల్ తెప్పించింది. శుక్రవారం ఓటు అవునని తేలితే, పాత లావు కేబుల్ తీసుకుపోవడానికి ఆదివారం పడవ వస్తుంది. ఆ కేబుల్ ఇంకో లంకకి కావాలి.

ఇంట్లో దీపాలు తగ్గించుకోవచ్చు. ఫ్యాను కట్టేసుకోవచ్చు. రొయ్యకి పొదుపు నేర్పలేం. వేకువన నీళ్లలో గాలి తగ్గుతుంది, ఏరేటర్లు నాలుగూ నిండా తిరగాలి. తిరక్కపోతే రొయ్యలు పైకి తేలతాయి. తేలిన రొయ్యకి గంట కూడా వ్యవధి ఉండదు. మాణిక్యమ్మ రొయ్యలు ఒక్కటి తేలలేదు. అంటే ఏరేటర్లు తిరిగాయి. మీటరు వాటిని చూడలేదు.

నమోదు 3. మంగళవారం

మా వరసలో ప్రతి చెరువు అంచున, నడిచే పలక మీద, చేంజోవర్ అనే స్విచ్చు ఒకటి ఉంటుంది. తుప్పు పట్టిన ఇనప పిడి పైకి ఉంటే చెరువుకి సొంత లైను, కిందికి లాగితే పక్క చెరువుల లైను. వేకువన ఎవరికి మెలకువ వస్తే వాళ్లు పక్క చెరువు నీళ్లు ఓసారి చూస్తారు. తేడాగా కనిపిస్తే పిడి లాగి తమ కరెంటు ఇస్తారు. తెల్లారాక, ఆ ఇంటివాళ్లు లేచేలోపు, పిడి మళ్లీ పైకి ఎత్తేస్తారు. దీన్ని వేకువ తీగ అంటాం. ఇచ్చినవాళ్లు చెప్పకూడదు, పుచ్చుకున్నవాళ్లు అడగకూడదు.

చెప్పకూడని సంగతి గురించి అడగడం నా పని.

పదహారో చెరువు యేసుపాదానిది. తన పడవలో వల బాగుచేసుకుంటూ దొరికాడు.

"ఏదో ఓపాలి, రెండుపాల్లు ఏసుంటానండి," అన్నాడు. "ఏటకెళ్లే రోజుల్లో పెందలాడే లెగుస్తాను గదా. మాణిక్యమ్మక్క కొత్త మీటరుతో ఏం అవస్థ పడతాందో అనీ... ఇది రాయకండి. మా ఆడదానికి తెలిస్తే, మన కరెంటు ఊరికే పంచుతావా అని నా పీక పిసుకుద్ది."

అతని భార్య సువార్తమ్మ పడవ అవతలి కొసన చేపలు ఆరబెడుతోంది. యేసుపాదం మేతకని వెళ్లాక ఆమెనీ అడిగాను.

"ఆయన ఏటకి పోని రోజుల్లో నేనే ముందు లెగుస్తానండి. అప్పుడప్పుడు లాగాను. ఆయనకి చెప్పకండేం. మగోడికి చెబితే ఊరంతా చాటుతాడు."

పద్దెనిమిదో చెరువు సత్తిరాజు గారిది. వరసకి పెద్ద. కొత్త మీటర్లు వద్దని వాదించేవాళ్లలో మొదటి గొంతు ఆయనదే. మొన్న మేత షెడ్డులో అందరి ముందూ, 'అల్లుడొచ్చాక అత్తగారికి కళ్లు నెత్తికెక్కాయి' అని మాణిక్యమ్మని ఎత్తిపొడిచింది ఆయనే.

"నాకు నిద్ర పట్టదండి. వయసు," అన్నారు. "లేచి అటూ ఇటూ తిరుగుతాను. ఒక్కోరోజు పిడి అప్పటికే కిందికి ఉంటుంది. ఎవడో మంచోడు వేశాడనుకుని వచ్చేస్తాను. లేకపోతే నేను వేస్తాను."

"మీరు ఆ మీటరుకి వ్యతిరేకం కదండీ?"

"మీటరుకి వ్యతిరేకమండి. రొయ్యలేం చేశాయి?"

ముగ్గురివీ కలిపి చూశాను. యేసుపాదం వేటకి వెళ్లే రోజులు, వెళ్లని రోజుల్లో సువార్తమ్మ, మిగిలితే సత్తిరాజు గారు. నెలంతా నిండిపోయింది. ఒక్కొక్కరూ అప్పుడప్పుడు చేసిన సాయమే. ముగ్గురిదీ కలిస్తే, బాగా కరెంటు లాగే ఆ గంటల్లో పదిహేడో చెరువు దాదాపు ఎప్పుడూ తన మీటరు మీద నడవలేదు. సోమవారం బ్యాలెన్సు సున్నా అయినప్పుడు కూడా.

పరీక్ష అంకె తప్పు. తప్పు చేసినవాళ్లెవరూ అబద్ధమాడలేదు.

నమోదు 4. బుధవారం

వార్త చదవకముందు మాణిక్యమ్మకి చెప్పాలి. చెప్పాను.

"నెలంతానా?" అంది.

"దాదాపుగా."

మేత చట్టి కింద పెట్టింది. "అంటే... నా కాళ్ల మీద నేను నడుస్తన్నానని వరసంతా చాటుకుంటుంటే, వీళ్లు నన్ను కింద నించి మోస్తన్నారా?"

"ఒకరి సంగతి ఒకరికి తెలీదు."

"సత్తిరాజు గారు కూడానా? అల్లుడూ అత్తా అని నన్ను ఎక్కిరించాడే!"

"ఆయనే ఎక్కువ రోజులు లాగినట్టున్నారు."

ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆమె ఈ మీటరు ఎందుకు కోరి పెట్టించుకుందో వరసలో అందరికీ తెలుసు. పోయిన పంటప్పుడు ఇద్దరు తమ వాటా కట్టలేదు. కేంద్రం వరస మొత్తానికి కరెంటు ఆపింది. మాణిక్యమ్మ తన వాటా కట్టే ఉంది. అయినా ఆ వేకువన ఆమె రొయ్యలన్నీ తేలాయి. తీగ వేద్దామంటే ఏ పక్క చెరువులోనూ కరెంటు లేదు. ఇకనైనా తన కరెంటు తన చేతిలో ఉండాలని ఆమె పట్టు. పరీక్షలో బయటి కరెంటు కలిస్తే పరీక్ష రద్దు, మీటరు పీకేస్తారు. ఆమె మళ్లీ వరస మీటరు కిందికి వెళ్తుంది. చెరువులో పంట పట్టుబడికి, అంటే వల వేసి తీసే రోజుకి, దగ్గరపడింది.

"శుక్రవారం దాకా ఆగండి బాబూ," అంది. "ఓటైపోనీండి. అందరికీ మీటర్లొచ్చేస్తాయి. అప్పుడు చదువుకోండి మీ వార్త."

"అందరికీ వస్తే, సన్న కేబుల్ మీద ఇరవై రెండు చెరువులూ ఒకే వేకువన గాలి అడుగుతాయి. అంత కరెంటు అందులో రాదు. లావు కేబుల్ అప్పటికి వెళ్లిపోయి ఉంటుంది. పక్క చెరువు నుంచి తీగ వేద్దామన్నా, పక్క చెరువుకే చాలదు."

మేత చట్టి మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"పోయిన పంటలాగా," అంది.

"అలాగే. ఈసారి ఇరవై రెండూ."

సాయంత్రం ఆరింటి వార్తల్లో చదువుతానని చెప్పాను. ముందే ఆమె చెప్పదలిస్తే ఆమె గొంతుతోనే వేస్తానన్నాను.

"మీ రేడియోలో కాదు," అంటూ లేచింది. "మనుషుల మొహాలు చూసి చెప్తాను. ఆ ఇంజనీరమ్మని రమ్మనండి."

నమోదు 5. బుధవారం, సాయంత్రం. మేత షెడ్డు

మాణిక్యమ్మ నిలబడి చెప్పింది. పేర్లు చెప్పలేదు. ఆచారం ప్రకారం అది సరైనదే. కానీ యేసుపాదం తలొంచుకున్నాడు, అదే క్షణంలో సువార్తమ్మ కూడా తలొంచుకుంది. ఇద్దరూ ఒకేసారి తలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వా?" అన్నాడు యేసుపాదం.

"నువ్వా?" అంది సువార్తమ్మ. "మరి నిన్న అడిగితే పడవ కట్టు వదులైందని చూసొచ్చానన్నావు!"

"నువ్వేమో పిల్లి అరిచిందన్నావు! మనకి పిల్లెక్కడిదే?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. సత్తిరాజు గారు మాత్రం పైకప్పు రేకులు లెక్కపెడుతున్నారు. మాణిక్యమ్మ ఆయన ముందుకి వెళ్లి, "అత్తగారి కళ్లు నెత్తి మీంచి దిగాయండి రాజు గారూ," అంది. ఆయన ఆవిడకేసి చూడకుండానే, "దిగితే మంచిదేనమ్మా, దారి కనపడుద్ది," అన్నారు.

నవ్వులు ఆగాక హిమజ నియమం చదివింది. పరీక్ష రద్దు చేయాలి.

"రద్దు చెయ్యండి. మీటరు మాత్రం ఉంచండి," అంది మాణిక్యమ్మ. "మళ్లీ పెట్టండి పరీక్ష. నా రొయ్య ఇప్పుడు బాగా ఎదిగింది, గాలి ఎక్కువ తాగుద్ది. అసలు లెక్క ఇప్పుడే తేలుద్ది. చేంజోవర్‌కి తాళం వేస్తాను."

"పంట చేతికొచ్చే వారంలోనా?" అన్నారు సత్తిరాజు గారు. "చిన్న రొయ్యలప్పుడు చేసుకోవచ్చు గదమ్మా. ఏదన్నా అయితే?"

"అయితే మీకు తెలుద్ది గదా, ఓటు ఎటు వెయ్యాలో."

హిమజ కేంద్రంతో మాట్లాడింది. సంభాషణ పొడవుగా సాగింది, కొన్నిచోట్ల ఆమె గొంతు పెరిగింది. చివరికి మూడు విషయాలు తేలాయి. పరీక్ష మళ్లీ మొదలవుతుంది. ఓటు ఈ శుక్రవారం కాదు, పై వారం శుక్రవారానికి జరుగుతుంది. కేబుల్ పడవ ఈ ఆదివారం రాదు. తీగ వేసిందెవరో కేంద్రం అడిగిందా అన్నాను. "అడిగారు," అంది హిమజ. "వేకువన చీకటిగా ఉంటుందని చెప్పాను."

లేచి వెళ్లబోతుంటే యేసుపాదం ఒక ప్రశ్న వేశాడు. "అమ్మా, అందరికీ అల్లుళ్లొచ్చాక, పక్కోడికి కరెంటు ఇయ్యాలంటే ఎట్టా?"

"ఒక మీటరు నుంచి ఇంకో మీటరుకి యూనిట్లు పంపొచ్చు. చాలా సులువు. పంపినవాళ్ల పేరు తెర మీద కనిపిస్తుంది."

లేవబోయినవాళ్లు మళ్లీ కూచున్నారు.

"పేరెందుకమ్మా?" అంది సువార్తమ్మ. "తెల్లారి ఒకరి మొహం ఒకరు ఎట్టా చూసుకుంటాం?"

అది మంచి సదుపాయమని కేంద్రంలో అందరూ అనుకున్నారట. పేరు కనపడకుండా చేయవచ్చా అని హిమజ అక్కడే కేంద్రాన్ని అడిగింది. చేయవచ్చన్నారు. ఇంతవరకు ఎవరూ కోరలేదన్నారు.

ఆరింటి వార్తలో ఇవన్నీ చదివాను. పేర్లు చదవలేదు.

నమోదు 6. సోమవారం

ఈ వేకువ కష్టమైంది. మబ్బు పట్టింది, గాలి చలనం లేదు. అలాంటప్పుడు చెరువు నీళ్లు చిక్కబడ్డట్టు ఉంటాయి.

నేను పలక మీద ఉన్నాను. చేంజోవర్‌కి ఇత్తడి తాళం వేలాడుతోంది, తాళంచెవి మాణిక్యమ్మ మెడలో. ఆమె కోరితే ఎప్పుడైనా తీయవచ్చు. పదహారో చెరువు అంచున యేసుపాదం, సువార్తమ్మ, పద్దెనిమిదో చెరువు అంచున సత్తిరాజు గారు, వాళ్ల వెనక ఇంకొందరు. ఎవరూ పిలవకుండానే వచ్చారు. సాయం చేయకూడదని ఒట్టు పెట్టుకున్నవాళ్లంతా దగ్గర నిలబడి చూస్తున్నారు. యేసుపాదం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూచున్నాడు.

మీటరు అరిచింది. "ఒసే మాణిక్యం, లెగవ్వే! రొయ్యలు చస్తన్నాయి!"

ఆమె గొంతే. హిమజ చేత రికార్డు చేయించి మీటరులో పెట్టించుకుంది. మాణిక్యమ్మ రేగిన జుట్టుతో బయటికి వచ్చింది. నీళ్ల అంచున అప్పటికే పది, పదిహేను రొయ్యలు మీసాలు పైకెత్తి తేలుతున్నాయి. వచ్చింది బ్యాలెన్సు తగ్గిందన్న హెచ్చరిక మాత్రమే, కరెంటు ఇంకా ఉంది. రెండు ఏరేటర్లు తిరుగుతున్నాయి. మిగతా రెండూ వేస్తే బ్యాలెన్సు పావుగంట కూడా రాదు.

"తాళం తియ్యమ్మా," అన్నారు సత్తిరాజు గారు, అవతలి నుంచి. "లెక్క మళ్లీ చేసుకోవచ్చు."

మాణిక్యమ్మ చెయ్యి మెడలోని తాళంచెవి మీదికి వెళ్లింది. దాన్ని పట్టుకుని నీళ్లకేసి చూసింది. తర్వాత రవికలోకి తోసేసుకుని, చేతి యంత్రం తీసి మీటరుకి రీచార్జి చేసింది. మిగతా రెండు ఏరేటర్లూ వేసింది. నీళ్లు తెల్లగా నురగలెత్తాయి.

ఎవరూ కదల్లేదు. తేలిన రొయ్యలు ఒక్కొక్కటీ మునగడానికి చాలాసేపు పట్టింది. తూర్పు తెల్లబడే వేళకి నీటి మీద నాలుగు మిగిలాయి. ఆ నాలుగూ చచ్చినవే.

"నాలుగేనా?" అన్నాడు యేసుపాదం, చేతులు బయటికి తీసి విదుల్చుకుంటూ.

"నాలుగే," అంది మాణిక్యమ్మ. "పులుసుక్కూడా చాలవు. ఎల్లండి, అందరూ ఎల్లి పడుకోండి. ఏం తమాషా ఇది!"

నమోదు 7. గురువారం

పరీక్ష నిన్నటితో ముగిసింది. రోజుకి ముప్పై ఎనిమిది యూనిట్లు. వరస సగటుకి ఒక్కటే తక్కువ. ఆ ఒక్కటి నిజమైన పొదుపు అని హిమజ అంది. ఒప్పుకున్నాను. ఇరవై ఒకటి కొట్టేసి షెడ్డు బోర్డు మీద ముప్పై ఎనిమిది రాసింది. లావు కేబుల్ ఉంచే షరతు మీద కేంద్రం సంతకం చేసింది. యూనిట్లు పంపేవాళ్ల పేరు కనపడకుండా మార్చిన మీటరు నమూనా నిన్న వచ్చింది. సత్తిరాజు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పేరు లేదు. మర్యాదగానే ఉంది," అన్నారు. ఆయన ఓటు ఎటో అడిగితే, రేపు చూడండన్నారు.

వార్తలో చదవను గానీ ఇక్కడ రాసుకుంటున్నాను. నాది పదకొండో చెరువు, నాకూ ఓటుంది. అవునని వేస్తాను. కట్టనివాళ్ల వల్ల కట్టినవాళ్ల రొయ్యలు చావకూడదు. అంకె సరిగ్గా ఉంటే ఈ మీటరు ఆ పని చేయగలదు.

నిన్న సాయంత్రమే మాణిక్యమ్మ తాళం తీసేసింది. ఈ ఉదయం ఆఖరుసారి ఆమె మీటరు చూడటానికి వెళ్లాను. మూడింటికీ ఆరింటికీ మధ్య రోజూ అయ్యేదానికన్నా తొమ్మిది యూనిట్లు ఎక్కువ ఖర్చయ్యాయి. ఆమె ఏరేటర్లు రోజూ తిరిగినట్టే తిరిగాయి. వేకువన వరస లైనులో వోల్టేజీ పడిపోయిందని కేంద్రం తెలిపింది. యేసుపాదం చెరువు ఆ లైను మీదే ఉంది. అతని రొయ్యల్లో ఒక్కటీ తేలలేదు. అతను వేట నుంచి అప్పుడే వచ్చి, నీళ్లు చూసి, ఏమీ అనకుండా వల దులుపుకుంటున్నాడు.

"రాత్రి కరెంటు ఎక్కువ వాడినట్టున్నారు?" అని మాణిక్యమ్మని అడిగాను.

"అల్లుడు గదండీ. ఒక్కోరోజు తిండి ఎక్కువ తింటాడు," అంది. ఆమె అరచేతికి ఇనప తుప్పు మరక ఉంది. దాన్ని చీర కొంగుకి తుడుచుకుంది.

ఇంకేమీ అడగలేదు.

రేపు ఉదయం పదింటికి మేత షెడ్డులో ఓటు. పన్నెండింటికి పదిహేడో చెరువులో పట్టుబడి, వలలు యేసుపాదానివి. ఆ రెంటికీ ముందు ఒక వేకువ ఉంది.